బుఖారెస్ట్ బాల్య అధ్యయనం

రుమేనియా రాజధాని బుఖారెస్ట్‌లోని ఆరు అనాథాశ్రమాల పిల్లలతో 2000లో మొదలైన దీర్ఘకాలిక పరిశోధన. అమెరికా శాస్త్రవేత్తలు చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా దీన్ని నడిపారు.

దీని మూలాలు రుమేనియా నియంత చౌషెస్కు పాలనలో ఉన్నాయి. జనాభా పెంచాలన్న పట్టుదలతో 1966లో ఆయన ప్రభుత్వం గర్భస్రావాలను దాదాపుగా నిషేధించింది. సాకలేని బిడ్డలను ఎందరో తల్లిదండ్రులు ప్రభుత్వ ఆశ్రమాలకు అప్పగించారు. 1989లో ఆ పాలన కూలేనాటికి అక్కడున్నవారు లక్షకు పైమాటే. తిండీ పక్కా ఉన్నా, ఎత్తుకుని ఊసులాడే మనిషి లేదు; ఆయాలు షిఫ్టుకొకరు మారిపోయేవారు. ఏడుపు వినిపించని పసిపిల్లల గదులు చూసి పరిశోధకులు నివ్వెరపోయారు.

6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని లాటరీ పద్ధతిలో రెండు సమభాగాలు చేసి, 68 మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. ఇళ్లలో పెరిగినవారి తెలివితేటలు మెరుగయ్యాయి. ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. రెండేళ్లలోపే ఇల్లు దొరికినవారు పెంచినవారితో గట్టి అనుబంధం పెంచుకోగలిగారు. ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం మాత్రం ఇంటి ప్రేమకూ లొంగలేదు.

పసివాళ్ల భవిష్యత్తును చీటీలు తేల్చడమేమిటన్న ప్రశ్న అప్పుడే లేచింది, సబబుగానే. అయితే అప్పటికి నగరంలో పెంపుడు కుటుంబాల వ్యవస్థ నామమాత్రమే. పరిశోధకులే దాన్ని నిర్మించాల్సివచ్చింది. ఆశ్రమాల్లో మిగిలినవారిని సొంతవాళ్లు తీసుకెళ్తే అడ్డుచెప్పలేదు. అధ్యయనం మొదలైన నాలుగేళ్లకు, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి, రెండేళ్లలోపు పిల్లలను ఆశ్రమాల్లో చేర్చరాదని రుమేనియా 2004లో చట్టం చేసింది.