ద్రాస్ కొండెక్కిన హైదరాబాదీ మేజర్

కృష్ణానగర్‌లో యూనిఫాం అంటే ఒక పూట వేషం. పొద్దున్నే వ్యాన్ ఎక్కిన జూనియర్ ఆర్టిస్టు, ప్యాకప్ చెప్పగానే దాన్ని కాస్ట్యూమర్‌కి అప్పగించి గదికి చేరతాడు. ఇక్కడికి కూతవేటు దూరంలోని అన్నపూర్ణ స్టూడియోస్ హీరో నాగార్జున కూడా 2003లో జె.పి. దత్తా తీసిన ‘ఎల్‌ఓసీ కార్గిల్’ కోసం ఒక మేజర్ యూనిఫాం వేశారు. ఆ మేజర్ పద్మపాణి ఆచార్య మన ఊరివాడు.

ఒడియా కుటుంబం. 1968 జూన్ 21న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేశారు. ఉస్మానియాలో డిగ్రీ, మద్రాసు ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ, ఆ తర్వాత కమిషన్. కొలువు చేసింది కొన్నేళ్లే.

1999 జూన్‌లో ఆయన పటాలం రెండో రాజపుతానా రైఫిల్స్ కార్గిల్ యుద్ధంలో ఉంది. 13న తోలోలింగ్ శిఖరాన్ని గెలిచింది. తర్వాతి గురి ద్రాస్‌లోని త్రీ పింపుల్స్ కొండలు. శ్రీనగర్-లేహ్ రహదారిని కాపాడుకోవాలంటే పైనున్న శత్రువును దించక తప్పదు. ఆ దాడికి కొద్దిరోజుల ముందు ఆచార్య తండ్రికి ఉత్తరం రాశారు. కడుపుతో ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని అందులో కోరారు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని. సుభద్ర కడుపులో ఉండగానే అభిమన్యుడు విద్య విన్నాడని నమ్మే నేల మనది. ఆ కోరికలో తండ్రి మనసంతా ఉంది.

జూన్ 28, పున్నమి రాత్రి. ముందు నడిచిన ప్లటూన్ మీద ఫిరంగి గుండ్లు నేరుగా పడి ఎందరో కూలిపోయారు. దాడి ఆగిపోయేలా ఉంది. కంపెనీ కమాండర్ ఆచార్య రిజర్వు ప్లటూన్‌ను వెంటబెట్టుకుని, నిట్టనిలువు బండరాళ్ల మీదుగా ఎక్కారు. బంకర్ దాకా పాకి గ్రెనేడ్లు విసిరారు. ఒంట్లోకి తూటాలు దిగి కదల్లేని స్థితిలో, తనను వదిలేసి ముందుకు దూకమని జవాన్లను ఆదేశించి, తాను పడిన చోటు నుంచే కాల్పులు సాగించారు. స్థావరం దక్కింది. ఆయన దక్కలేదు. అదే రాత్రి అదే పటాలంతో కలిసి పోరాడిన కెప్టెన్ కెంగురూసె, కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా అమరులయ్యారు.

ఆచార్యకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. కూతురు అపరాజిత తండ్రి పోయాక పుట్టింది.

జూలై 26న కార్గిల్ విజయ్ దివస్ వస్తుంది. ఆ రోజు మీ పిల్లలకు ‘ఎల్‌ఓసీ కార్గిల్’ సినిమా చూపించండి, తప్పులేదు. దానికి ముందు ఆచార్య మహావీర్ చక్ర ప్రశంసాపత్రం చదివి వినిపించండి.