ఐమూలగా వేసిన నేల: ముగ్గు నుంచి టైల్ దాకా

ఈ ఎపిసోడ్ మా ఇంటి హాల్లోంచే మాట్లాడుతున్నా. మాది గంగవరం, పలమనేరు పక్కనే. నా కాళ్ల కింద టైల్స్ చూడండి. రెండడుగులకి రెండడుగులు. గోడకి నేరుగా లేవు, ఐమూలగా తిరిగి ఉన్నాయి. మేస్త్రీలు డైమండ్ అంటారు, క్రాస్ అనీ అంటారు.

నిజం చెప్పాలంటే ఇది మేము అందం కోసం వేయించలేదు. మేస్త్రీ వచ్చి టేపు పట్టాడు. మూల దగ్గర నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, ఇంకో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి. రాలేదు. "అన్నా, గోడ మూలమట్టానికి లేదు. నేరుగా ఏస్తే చివరి వరస ఆ పక్క సన్నగా, ఈ పక్క లావుగా వస్తాది. ఐమూలగా ఏసేద్దాం, కంటికి ఆనదు" అన్నాడు.

ఆ 3, 4, 5 లెక్క ఎంత పాతదో తెలుసా? యజ్ఞవేదికలు కట్టడానికి రాసుకున్న బౌధాయన శుల్బసూత్రాల్లో ఉంది. చతురస్రానికి ఐమూలగా తాడు లాగి, ఆ తాడు పొడవుతో ఇంకో చతురస్రం గీస్తే దాని వైశాల్యం రెండింతలవుతుందని కూడా అందులోనే ఉంది. మన రెండడుగుల టైల్‌కి ఆ తాడు దాదాపు 2 అడుగుల 10 అంగుళాలు. మేస్త్రీ ఆ సూత్రాలు చదవలేదు, వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు.

సరే, అసలు నేల మీదికి ఈ ఐమూల గీత ఎప్పుడొచ్చింది? మా ఇంటి మట్టుకు చెప్పాలంటే అవ్వతో వచ్చింది. అప్పుడు మాది మట్టినేల. పేడతో అలికి, గోడ వెంబడి ఎర్రమన్ను పట్టీ తీసి, నడిమధ్య ముగ్గు పెట్టేది. సరిచుక్క ముగ్గు గుర్తుందా? మధ్య వరసలో 7 చుక్కలు, అటూ ఇటూ 5, 3, 1. చివరి చుక్కలు కలపండి, చక్కగా డైమండ్ వస్తుంది. ఖర్చు గుప్పెడు పిండి. చెరిగిపోతే మళ్లీ వేసేది.

తర్వాత బండలొచ్చాయి. కడప నల్లబండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ. ఇవన్నీ సున్నపురాయి జాతివే, భూమిలో పొరలు పొరలుగా ఉంటాయి. 1872లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద నివేదిక రాశాడు. పొర వెంబడి ఉలి పెట్టి కొడితే పలకలా లేస్తుంది, అదే దాని సుఖం. కానీ త్రికోణంగా కొడితే కొన దగ్గర పెచ్చు ఊడుతుంది. పైగా అన్ని బండలూ ఒకే మందం ఉండవు. అందుకే మా వైపు ఇళ్లలో నేను చూసిన బండపరుపు అంతా గోడకి నేరుగానే. అవ్వ ముగ్గులో ఉన్న డైమండ్ రాతిలోకి రాలేదు.

డబ్బున్నోళ్ల సంగతి వేరు. 1660ల్లో హాలండ్‌లో వెర్మీర్ అనే చిత్రకారుడు గీసిన గదులు ఫోన్‌లో వెతకండి. నలుపు తెలుపు పలకలు ఐమూలగా పరిచి ఉంటాయి. తమాషా ఏంటంటే, అక్కడి మామూలు ఇళ్లలో అలాంటి పాలరాతి నేల చాలా అరుదని, ఎక్కువగా చెక్క నేలలే ఉండేవని చరిత్రకారులు తేల్చారు. అంటే బొమ్మలో కొంత గొప్ప చూపించారన్నమాట! మన దేశంలో సిమెంట్ టైల్స్ చేయడానికి 1922లో బొంబాయిలో భారత్ ఫ్లోరింగ్ టైల్స్ మొదలైంది. అవి చిన్న పలకలు. ఎటు తిప్పినా పెద్ద నష్టం లేదు.

పెద్ద టైల్ అలా కాదు. ఇవి విట్రిఫైడ్, గుజరాత్ మోర్బీ సరుకు. దేశంలో తయారయ్యే టైల్స్‌లో ఎక్కువ భాగం అక్కడివే. ఒకప్పుడు మోర్బీ వాళ్లు ఇంటి పెంకులు చేసేవాళ్లు. మన పలమనేరు కుమ్మరులకీ మట్టే బతుకు, కానీ ఇక్కడ కుండల దగ్గరే ఉండిపోయింది. ఎందుకలా జరిగిందో అదొక ఎపిసోడ్ అవుతుంది, ఇప్పుడు వద్దు.

లెక్క చూద్దాం. 15 అడుగులకి 12 అడుగుల హాలు, 180 చదరపు అడుగులు. నేరుగా వేస్తే 45 టైల్స్. మూడు టైల్స్‌ని సగానికి కోస్తే పని అయిపోతుంది. ఐమూలగా వేస్తే నాలుగు గోడల వెంబడీ ప్రతి టైల్‌నీ కోయాల్సిందే. ఇరవైకి తగ్గవు. వృథా కోసం 15 శాతం దాకా ఎక్కువ కొనాలి, అంటే 52 టైల్స్.

అయితే నాకు టైల్స్ ఖర్చు కన్నా ఆ కోతలే గుర్తున్నాయి. టైల్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. పొడి బ్లేడుతో కోస్తే లేచే తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. మొదటిరోజు మేస్త్రీ కుర్రాడు హాల్లోనే కూర్చుని, మూతికి తువ్వాలు చుట్టుకుని కోశాడు. మధ్యాహ్నానికి వాడి కనురెప్పలు కూడా తెల్లగా అయిపోయాయి. మేము పక్క గదిలో తలుపేసుకుని కూర్చున్నాం. అది చెప్పుకోడానికి నాకు సిగ్గుగా ఉంది.

రెండోరోజు మిషన్ పెరట్లోకి మార్చాం. బ్లేడు మీద నీళ్లు పడేలా సన్న పైపు కట్టాం, మాస్కు తెచ్చిచ్చాం. పని ఒకరోజు ఎక్కువైంది, ఒకరోజు కూలీ ఎక్కువిచ్చాం. మీ ఇంట్లో ఐమూలగా వేయించుకుంటే, టైల్ రేటు మాట్లాడేటప్పుడే ఆ రోజు కూలీ కూడా కలిపి మాట్లాడండి.

మిగిలిన త్రికోణం ముక్కలు బస్తాడు అయ్యాయి. వాటిని పెరట్లో బట్టలుతికే రాయి చుట్టూ పరిచేశాం. అవి మాత్రం ఎటు పడితే అటు ఉన్నాయి.