మీ సేవ నుంచి మన మిత్ర దాకా.. అప్లై చేసిన సర్టిఫికెట్ ఎక్కడ ఆగుతుంది? ఇవి తెలుసుకోండి

ఒకప్పుడు కులం, ఆదాయం సర్టిఫికెట్ కావాలంటే తహసీల్దార్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాల్సిందే. ఇప్పుడు ఊళ్లోనే అప్లై చేసుకోవచ్చు. అయినా అడ్మిషన్ల టైమ్ వచ్చిందంటే చాలు.. ‘ఇంకా రాలేదు’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. మరి ఆలస్యం ఎక్కడ?

ఎలా మొదలైంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. కరెంటు, నీటి బిల్లులు ఒకే చోట కట్టే వీలు కలిగింది. 2011లో మొదలైన మీ సేవతో అసలు మార్పు వచ్చింది. అధికారి డిజిటల్ సంతకంతో పత్రం కేంద్రంలోనే ప్రింట్ తీసి ఇస్తారు. ఐటీ చట్టం-2000 ప్రకారం ఆ సంతకం చెల్లుతుంది. తెలంగాణలో ఇప్పటికీ మీ సేవ కేంద్రాలే ప్రధాన ఆధారం. ఏపీలో 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమయ్యాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సప్‌లోకి వచ్చాయి. నంబర్ 95523 00009.

అన్నీ వెంటనే రావు

మీ సేవలో రెండు రకాలున్నాయి. అడంగల్, 1బి లాంటివి ‘ఎ’ కేటగిరీ. రికార్డు ఇప్పటికే కంప్యూటర్‌లో ఉంటుంది కాబట్టి అక్కడికక్కడే ఇచ్చేస్తారు. కొత్తగా తీసుకునే ఆదాయ ధ్రువపత్రం ‘బి’ కేటగిరీ. దీనికి కింది స్థాయిలో విచారణ జరగాలి, తహసీల్దార్ ఆమోదం ఉండాలి. అందుకే గడువు పెడతారు. వాట్సప్‌లో అప్లై చేసినా ఈ విచారణ తప్పదు. ఫోన్ తగ్గించింది తిరుగుడునే, పరిశీలనను కాదు.

ఓటీపీ ఎవరి ఫోన్‌కు?

ఊళ్లలో ఎక్కువగా ఇబ్బంది ఇక్కడే. చాలా సేవలకు ఆధార్‌కు లింకైన నంబర్‌కే ఓటీపీ వస్తుంది. పెద్దవాళ్ల ఆధార్‌కు పట్నంలో ఉన్న కొడుకు నంబరో, ఎప్పుడో ఆగిపోయిన సిమ్మో ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. ముందే ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబర్ మార్పించుకుంటే మంచిది.

ఇవి మరవొద్దు

- అప్లికేషన్ నంబర్ ఉన్న రసీదు తప్పకుండా తీసుకోండి. స్టేటస్ చూసుకోవడానికి అదే ఆధారం.
- పేరు, ఇంటిపేరు ఆధార్‌లో, రేషన్ కార్డులో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి.
- ఓటీపీ అడుగుతూ ఎవరైనా ఫోన్ చేస్తే చెప్పొద్దు.
- స్మార్ట్‌ఫోన్ లేదని ఆగిపోవద్దు. ఏపీలో సచివాలయం, తెలంగాణలో మీ సేవ కేంద్రం ఉన్నాయి.
- కాలేజీ చివరి తేదీ దాకా ఆగకుండా ముందే అప్లై చేసుకోండి.