పాఠ్యవిషయాలవారీ పఠన, లేఖన బోధన

చరిత్ర, గణితం, సైన్సు పాఠాలను ఆయా రంగాల నిపుణులు చదివే, రాసే తీరులో హైస్కూలు విద్యార్థులకు అలవాటు చేసే బోధన ఇది. చదవడం వచ్చినవాడు ఏదైనా చదివేస్తాడన్న నమ్మకాన్ని ఇది ఒప్పుకోదు. అమెరికా పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1775 నాటి లెక్సింగ్టన్ పోరుకు చెందిన పత్రాలను చరిత్రకారులకూ హైస్కూలు విద్యార్థులకూ ఇచ్చారు. చరిత్రకారులు రాసిందెవరో, ఎప్పుడో ముందు చూసుకుని పత్రంలోకి దిగారు. విద్యార్థులు ఎక్కువగా మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదువుకుపోయారు. వాళ్లు చదువులో వెనకబడ్డవారేమీ కాదు. పరిశోధకులు తిమోతీ షానహాన్, సింథియా షానహాన్ 2008 నాటి వ్యాసంలో ఇలాంటి తేడాలే ఇతర విషయాల్లోనూ చూపారు: గణితవేత్త మాటమాటకీ ఆగి మళ్లీ చదువుతాడు, రసాయన శాస్త్రవేత్త వాక్యానికీ బొమ్మకీ ఫార్ములాకీ మధ్య తిరుగుతుంటాడు.

భాష నేర్పడం భాషా పండితుల బాధ్యత కదా అన్నది పాత అభ్యంతరం. తెలుగు మీడియం భౌతికశాస్త్రంలో ‘పని’ అన్న మాటనే తీసుకుందాం. నెత్తిన మూటతో కదలకుండా నిలబడ్డ కూలీ ఆ మూటపై చేసిన పని సున్నా (కూలీ వింటే ఊరుకుంటాడా!). ఈ మెలికను విప్పగలిగేది బలం, స్థానభ్రంశం బోధించే మాస్టారే. సిలబస్ పూర్తికాదన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. కానీ ప్రయోగ ఫలితం కింద ‘ఎందుకంటే’ అని రాయించి, ఆధారం చూపించమనడం పాఠానికి అదనం కాదు, పాఠమే. కూడబలుక్కుని చదివే పిల్లలకు మాత్రం ఇదొక్కటే చాలదు. వాళ్లకు చదవడంలోనే విడిగా సాయం అందాలి.