దూలానికి వేలాడిన కుట్టుగది

అమెరికా దక్షిణాది పల్లెల్లో బొంత కుట్టే చట్రానికి ఇంట్లో వేరే చోటంటూ ఉండేది కాదు. నాలుగు పొడవాటి కర్రలు, మూలల్లో కట్లు, దూలం నుంచి వేలాడే తాళ్లు. అంతే సరంజామా. పొలం పని లేని పూట చట్రాన్ని కూర్చున్న మనిషి ఒడి దాకా దించుకునేవారు. పొద్దుగూకగానే తాళ్లు లాగి కప్పుకు ఎత్తేసేవారు. దాని కిందనే తిండీ పడకా. కుట్టు పూర్తయిన భాగాన్ని కర్రకు చుట్టేస్తూ పోతారు కాబట్టి, పని సాగేకొద్దీ చట్రం సన్నబడి గదిలో నడిచే దారి పెరిగేది. ఇరుకింట్లో పెద్ద పని చేసుకునే ఉపాయాల్లో ఇంతకంటే తెలివైనది నేను చూడలేదు.

అలాంటి ఇరుకు ఇళ్లలోంచి ఎంత గొప్ప పని వచ్చిందో తెలియాలంటే అలబామా రాష్ట్రం విల్‌కాక్స్ కౌంటీలోని జీస్ బెండ్‌ను చూడాలి. అలబామా నది మూడు వైపులా చుట్టుకున్న ఊరు అది. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి బానిసలను తెచ్చి ఇక్కడ పత్తి సాగు మొదలుపెట్టాడు. 1845లో ఆ భూమి మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. బానిసత్వం పోయాక కూడా నల్లజాతి కుటుంబాలు అదే నేల మీద కౌలుదార్లుగా మిగిలాయి. ఊళ్లో అంతమందికి పెట్‌వే ఇంటిపేరు ఉండటం అందుకే. 1932లో అప్పులిచ్చే వ్యాపారి చనిపోతే, బాకీల కింద అతని భార్య తరఫు మనుషులు వచ్చి పశువులను, పనిముట్లను, దాచుకున్న గింజలను కూడా పట్టుకుపోయారు. ఆ చలికాలం రెడ్‌క్రాస్ పంపిన తిండితో గట్టెక్కారు.

1937లో ఆర్థర్ రోత్‌స్టీన్ తీసిన ఫోటోల్లో ఆ ఇళ్లు కనిపిస్తాయి. దుంగలు పేర్చిన గోడలు, సందుల్లోంచి గాలి రాకుండా అంటించిన పాత పత్రికల కాగితాలు. అలాంటి ఇంట్లో బొంత అలంకారం కాదు, చలికి అడ్డం. చిరిగిన పని ప్యాంట్లు, పాత గౌన్లు, పిండి సంచులు, ఎరువుల సంచులు, చేతికి ఏది అందితే అదే గుడ్డ. లోపల పెట్టే దూది జిన్నింగ్ మిల్లు నేల మీద ఊడ్చుకొచ్చి, కర్రతో బాది శుభ్రం చేసుకున్నది. 1942లో భర్త పోయాక మిస్సోరి పెట్‌వే అతని పని బట్టలనే కోసి బొంత కుట్టుకుంది. ఆయన జ్ఞాపకాన్ని కప్పుకుని పడుకోవాలని అమ్మ అనుకుందని, ఆమె కూతురు అర్లోంజియా పెద్దయ్యాక చెప్పింది.

పైగుడ్డను ఎవరికి వారే అతుక్కునేవారు. చట్రానికి ఎక్కించాక కుట్టుకు మాత్రం ఆడవాళ్లంతా చేరేవారు, భక్తిగీతాలు పాడుకుంటూ. ఊరివాళ్లకు ఇష్టమైన అల్లిక హౌస్‌టాప్. మధ్యలో ఒక ముక్క, దాని చుట్టూ ఒక్కో పట్టీ కలుపుతూ చతురస్రాన్ని పెంచుకుంటూ పోవడం. దీని మీద నాకొక అభిప్రాయం ఉంది. ఈ పద్ధతిలో ముక్కలన్నీ ముందుగా పరిచి చూసుకోనక్కర్లేదు, ఒళ్లో పెట్టుకుని పెంచుకోవచ్చు. బల్ల లేని ఇంటికి ఇంతకంటే నప్పే అల్లిక ఏముంటుంది? పట్టీ చాలకపోతే మరో రంగు ముక్క కలుస్తుంది, గీత పక్కకు ఒరుగుతుంది. చూసేవాళ్లను నిలబెట్టేసే అందం చాలావరకు ఆ ఒరుగుళ్లలోనే ఉంది.

పౌరహక్కుల ఉద్యమకాలంలో, 1965 చివర్లో, ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ పాదిరి ఆ కౌంటీలో ఒక ఇంటి ముందు దండెం మీద ఆరేసిన బొంతలు చూశాడు. మరుసటి ఏడాది అక్కడి ఆడవాళ్లతో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పుట్టింది. 1969లో సంఘానికి మార్టిన్ లూథర్ కింగ్ పేరుతో సొంత కుట్టు కేంద్రం వచ్చింది. వెలుతురు, విశాలమైన చోటు, చేతికి డబ్బు. పొలం కూలి తప్ప ఎరగని ఆడవాళ్లకు ఆ సంపాదన ఎంత విలువైనదో తక్కువ చేసి చెప్పకూడదు. కానీ బొంతలు కొనే న్యూయార్క్ దుకాణాలకు వందో బొంత మొదటిదానిలాగే ఉండాలి. అక్కడ గీత ఒరగడానికి వీల్లేదు. 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టించుకుంది. ఆ కేంద్రంలో కత్తిరించగా మిగిలిన పసుపు, ముదురాకుపచ్చ, నారింజ, ఎరుపు పేలికలు ఇళ్లకు చేరాయి. 1970ల నాటి అద్భుతమైన కార్డురాయ్ బొంతలు ఆ పేలికలతో, ఇంటి పనుల మధ్య, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు కుట్టినవి.

కట్టెలమోపు మీద పరిచిన, జీస్ బెండ్‌కు చెందిన ఆనీ మే యంగ్ బొంత ఫోటో ఒక పుస్తకంలో చూసి, కళాఖండాలు సేకరించే విలియం ఆర్నెట్ 1990లలో ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాడు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆపై న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆ ఊరి బొంతల ప్రదర్శనలు జరిగాయి. 2006లో ఆ బొంతలు అమెరికా తపాలా బిళ్లల మీదికి ఎక్కాయి. మ్యూజియంలో చూసేవాళ్లు పది అడుగులు వెనక్కి జరిగి బొంత మొత్తం చూడగలరు. కుట్టినవాళ్ల గదిలో అంత చోటు లేదు. బయట దండెం మీద ఆరేసిననాడే వాళ్లకా చూపు దొరికేది. హ్యూస్టన్‌కు జీస్ బెండ్ ఆడవాళ్లు బస్సులో వెళ్లి, ఎత్తైన గోడల మీద తమ బొంతలను తామే చూసుకున్నారు. మరుసటి ఏడాది, 2003లో, సొంత సంఘం పెట్టుకుని తమ పేర్లతోనే అమ్మడం మొదలుపెట్టారు.