ఓడలో విందుకి మన పంచె

అన్నానికి కూర్చోబోయే ముందు బట్టలు మార్చుకోవడం గోదావరి జిల్లా వాళ్లకి దొరలు నేర్పిన అలవాటు కాదు. నూరేళ్ల కిందట మన అగ్రహారాల్లో, కోర్టు నుంచి ఇంటికొచ్చిన ప్లీడరు గారు కోటూ తలపాగా తీసి చిలక్కొయ్యకి తగిలించి, నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన దిమ్మరించుకుని, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరిన మడిపంచె కట్టుకున్నాకే పీట మీద కూర్చునేవారు. నూలుబట్టని ఏరోజుకారోజు తడిపి ఆరేయాలి. పట్టుకీ ధావళికీ ఆ బాధ లేదు కనక, ఉన్నవాళ్ల ఇళ్లలో భోజనానికి పట్టుపంచె ఉండేది. ఒంటి మీద కుట్టిన గుడ్డ మాత్రం ఉండకూడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, బొంబాయి నుంచి లండన్ వెళ్లే పీ అండ్ ఓ కంపెనీ ఓడల్లో మొదటి తరగతి ప్రయాణికులు రాత్రి భోజనానికని వేరే కోటు తొడుక్కునేవారు. మనకి చొక్కా విప్పడం మర్యాద, వాళ్లకి మెడ దాకా గుండీలు పెట్టుకోవడం మర్యాద.

ఇదంతా నేను తవ్వుకోవడానికి కారణం తాడేపల్లిగూడెంలో ఉండే మా పిన్ని. హ్యూస్టన్‌లో ఉన్న కొడుకు ఈసారి గాల్వెస్టన్ రేవు నుంచి వారం రోజుల ఓడ ప్రయాణం తీసుకెళ్తానన్నాడట. "ఏరా అబ్బాయ్, రెండు రాత్రులు ఫార్మల్ నైట్ అంటున్నాడు వాడు. మీ బాబాయి చూస్తే ఈ వయసులో సూటు వేసుకోనంటే వేసుకోనంటున్నారు. పంచె కట్టుకుంటే లోపలికి రానివ్వరా?" అని ఫోను. ఆవిడ ప్రశ్న చిన్నదే. జవాబు కోసం వెతికితే నరసాపురం దాకా, రంగూన్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ముందు ఆ విందు కోటు పుట్టుక చెప్పాలి. 1865లో వేల్స్ యువరాజు ఎడ్వర్డ్, లండన్‌లో హెన్రీ పూల్ అనే దర్జీ కంపెనీ చేత పొడుగు తోకలు లేని పొట్టి కోటు ఒకటి కుట్టించుకున్నాడు. పల్లెటూరి బంగళాలో సొంత మనుషుల మధ్య తీరిగ్గా తినడానికి కుట్టించిన కోటది. 1886 నాటికి అలాంటిదే న్యూయార్కు దగ్గర టక్సీడో పార్క్ అనే చోట కనిపించి, అమెరికాలో ఆ ఊరి పేరే కోటుకి పేరైపోయింది. ఇవాళ ఓడల్లో అన్నిటికన్నా ఘనమైన వేషంగా చూస్తున్నది ఒకప్పుడు ఇంటిపట్టున వేసుకునే కోటన్నమాట. మర్యాదలు ఎలా పుట్టి ఎలా బిగుసుకుంటాయో తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలు.

1869లో సూయజ్ కాలువ తెరిచాక బొంబాయి లండన్ ఓడలు ఎర్రసముద్రం మీదుగానే నడిచాయి. ఆ ఉక్కలో ఉన్ని కోటు వేసుకుని కూర్చోవడం ఎవరి తరం? తెల్లవాళ్లు కోటు విప్పేసి, తెల్ల చొక్కా మీద నడుముకి పట్టుగుడ్డ చుట్టుకుని భోజనానికి రావడం మొదలుపెట్టారు. ఆ గుడ్డ పేరు కమర్‌బంద్. పారశీకంలో కమర్ అంటే నడుము. మన దేశంలో బంట్రోతు, సిపాయి చుట్టుకునే నడికట్టే దొరల విందుబల్ల దగ్గరికి చేరి, ఇప్పటికీ టక్సీడో సూటులో భాగంగా అమ్ముడవుతోంది. మన దట్టీ ఎప్పుడో లోపలికి వెళ్లి కూర్చుంది, పంచె కూర్చోకూడదా అని నాకు అనిపించింది.

నడికట్టే కాదు. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లేవాళ్లకి మాధవాయిపాలెం పేరు తెలుసు. పదిహేడో శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. చుట్టుపక్కల సాలెవాళ్లు నేసిన మెత్తటి తెల్ల నూలుగుడ్డ అక్కడ మూటలు కట్టి ఓడలకెక్కించేవారు. ఆ ఊరి పేరు ఇంగ్లీషు నోట మడపొల్లం అయింది, తర్వాత ఆ గుడ్డకే పేరైంది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పటికీ ఆ మాట ఉంది. తర్వాత లాంకషైర్ మిల్లులు అలాంటి గుడ్డే యంత్రాల మీద నేసి, అదే పేరు పెట్టి అమ్ముకున్నాయి. మన మగ్గాలు మూలపడ్డాయి. ఒకనాడు లోకానికి గుడ్డ పంపిన ఈ జిల్లాలో పెద్దమనుషులు గ్లాస్గో మల్లు పంచెలు గొప్పగా కట్టుకునే రోజులు వచ్చాయి. ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు మనసు కలుక్కుమంటుంది. అదే నరసాపురం తీరంలో ఓడలు కట్టేవారు, పాడైన ఓడల్ని బాగుచేసేవారు. గుడ్డా మనదే, ఓడా మనదే అయిన కాలం ఒకటి నిజంగా ఉంది.

 

ఇక మనవాళ్ల ప్రయాణాలు. రైలు రాకముందు ఏలూరు నుంచి ఎక్కడికి వెళ్లాలన్నా కాలవే దారి. విజ్జేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలవా, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలవా ఏలూరులోనే కలుస్తాయి. గూటిపడవలో పడుకుంటే లాగేవాళ్ల అడుగులే గడియారం. రేవు దగ్గర ఆగి, స్నానం చేసి, మడి కట్టుకుని వండుకు తిని మళ్లీ పడవెక్కేవారు. నీళ్ల మీద వెళ్తున్నా ఇంటి మర్యాద ఇంటి మర్యాదే. సముద్రం మీద ఆ వీలు లేదు. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో క్లైడ్ ఓడ ఎక్కిన పద్దెనిమిదేళ్ల గాంధీ, ఫోర్కూ చాకూ పట్టుకోవడం రాక భోజనాల బల్ల దగ్గరికే వెళ్లలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్లతో గదిలోనే గడిపాడు. ఓడలో నల్ల సూటు వేసుకుని, దిగే రోజుకని దాచుకున్న తెల్ల ఫ్లానెల్ సూటు తొడుక్కుని దిగితే, సెప్టెంబరు చివర్లో ఆ రేవులో తెల్లబట్టల మనిషి ఆయనొక్కడే. ఆ సిగ్గు ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు.

మనకి ఆ సిగ్గుని నవ్వుగా మార్చి ఇచ్చినవారు మొక్కపాటి నరసింహశాస్త్రి గారు. 1924లో తొలి భాగం వచ్చిన 'బారిష్టర్ పార్వతీశం'లో మొగల్తూరు కుర్రాడు దొరలా కనిపించాలని ఆడవాళ్ల టోపీ కొని నెత్తిన పెట్టుకుంటాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. కానీ ఆ నవ్వు అడుగున ఉన్న బెదురు మన తాతలది. ఏ గుడ్డ ఎప్పుడు తొడుక్కోవాలో చెప్పే మనిషి లేని చోట ఒంటరిగా నిలబడ్డ కుర్రాడి బెదురది.

ఇంతవరకూ చెప్పింది మొదటి, రెండో తరగతి వాళ్ల మాట. సముద్రం దాటిన తెలుగువాళ్లలో ఎక్కువమందికి భోజనాల గదే లేదు. కాకినాడ దగ్గర సముద్రం లోతు తక్కువ, స్టీమరు మైళ్ల దూరంలో లంగరు వేసేది. నావల్లో అక్కడిదాకా వెళ్లి, తాళ్ల నిచ్చెన కింద తమ వంతు కోసం కాచుకుని, రంగూన్ స్టీమరు పైతట్టు మీద జాగా వెతుక్కున్న కూలీలు వాళ్లు. ఒంటి మీద ఒక పంచె, మూటలో మరొకటి. పగలు ఎండకి కప్పుకున్న దుప్పటే రాత్రికి పక్క. పైనున్న గదుల్లో భోజనానికి గంట మోగుతుంటే, వీళ్లు మూట విప్పి తెచ్చుకున్నది పంచుకు తినేవారు. బర్మాలో వీళ్లని కోరంగీలన్నారు, మన కోరంగి రేవు పేరుతోనే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ బరువులు మోసినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. ఓడ వేషాల చరిత్ర రాసేవాళ్లు వీళ్ల దుప్పటిని మరిచిపోతే ఆ చరిత్ర సగమే.

అదే 1931లో గాంధీ మళ్లీ ఓడెక్కాడు. ఆగస్టు 29న రాజపుతానా మీద రౌండ్ టేబుల్ సమావేశానికి. ఈసారి ఒంటి మీద కొల్లాయి, శాలువా. బల్ల దగ్గరికి వెళ్లడానికి భయపడ్డ కుర్రాడు, ఆ బట్టతోనే బకింగ్‌హామ్ రాజభవనంలో తేనీటి విందుకి వెళ్లివచ్చాడు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తెల్ల తలపాగా, పొడుగు కోటు, పంచెతోనే ఆక్స్‌ఫర్డులో పాఠం చెప్పారు, రాష్ట్రపతిగా విందులిచ్చారు. దారి అక్కడే పడింది.

అందుకే పిన్నికి ధైర్యంగా చెప్పాను. చాలా ఓడ కంపెనీలు ఫార్మల్ నైట్‌కి ఎవరి దేశపు సంప్రదాయ దుస్తుల్ని వాళ్లు వేసుకుంటే గౌరవంగానే చూస్తాయి. అయినా కంపెనీకో పద్ధతి కనక టికెట్టుతో వచ్చే కాగితం చదివించుకోవాలి. బాబాయికి జరీ అంచు పంచె, గుండీల సిల్కు లాల్చీ, కండువా. కోటు తప్పదంటే లాల్చీ మీదికి బంద్‌గలా చాలు, ఢిల్లీ సర్కారు విందుల్లో నడిచేది అదే. తోలు చెప్పులుండాలి, హవాయి చెప్పులు గదిలోనే. మొదటి రాత్రి ఫార్మల్ పెట్టడం అరుదు, ఎందుకంటే పెట్టెలు గదికి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఏ రాత్రయినా బట్టలు మార్చుకునే ఓపిక లేకపోతే బఫే హాలు తెరిచే ఉంటుంది, పస్తుండక్కర్లేదు.

చీర సంగతి ఆవిడకి నేను చెప్పేదేముంది? కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతరకి పడవలో పట్టుచీర కట్టుకుని వెళ్లిన మనిషి. కుచ్చిళ్లు జానెడు పైకి దోపుకుని, కొంగు నడుముకి చుట్టి, దిగాక సర్దుకునే నేర్పు కొల్లేటి ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చింది. కంచి పట్టు బరువు, ఓడ గదిలో బీరువా చిన్నది. నిప్పు భయంతో ఇస్త్రీపెట్టె తెచ్చుకోనివ్వరు. కనక ఉప్పాడ జాంధానీ ఒకటి, మంగళగిరి పట్టు ఒకటి పెట్టుకోమన్నాను. ఉప్పాడ చీర మడిస్తే గుప్పెడవుతుంది. పెట్టెలోంచి తీసి రాత్రంతా హ్యాంగరుకి వేలాడదీస్తే ముడతలు చాలావరకు పోతాయి.

2022 జూన్‌లో కార్డీలియా అనే విహార ఓడల కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖ వచ్చాక ఈ ప్రయాణం మనకీ దగ్గరైంది. ఏలూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆ రేవు.

నిన్న పిన్ని మళ్లీ ఫోను చేసింది. పెట్టె సర్దడం అయిపోయిందట. చివర్న ఒక్కటే అడిగింది, డెక్కు మీద గాలికి కండువా నిలుస్తుందా అని. ఎడమ భుజం మీద లాల్చీకి కలిపి లోపలివైపు నుంచి పిన్నీసు పెట్టమన్నాను.