ఇంటి జోల గుడికెక్కిన దారి

తిరుమలలో రాత్రి చివర జరిగేది ఏకాంతసేవ. గొలుసులకు వేలాడే మంచం మీద భోగ శ్రీనివాసమూర్తిని పవళింపజేసి, పాలూ పండ్లూ నివేదిస్తారు. తాళ్లపాక వంశీకులు అన్నమయ్య లాలి పాడతారు. ధనుర్మాసంలో ఆ పాన్పు చిన్నికృష్ణుడిది. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అని జనం చెప్పుకునేది ఈ సేవ గురించే. బిడ్డకు కడుపు నింపి, ఊయలలో వేసి, పాడి నిద్రపుచ్చే ఇంటి వరసే ఇక్కడా నడుస్తుంది. అయినా జోలపాటల చరిత్ర చెప్పేటప్పుడు భక్తకవులు కట్టారు, తల్లులు నేర్చుకున్నారు అనడం మనకు అలవాటైపోయింది. పాట ముందు ఇంట్లో పుట్టి, తర్వాతే గుడికెక్కిందని నా వాదన.

అన్నమయ్య (1408–1503) కంటే ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం నోట ఆడే పాటలను పేరుపేరునా చెప్పాడు. ఆ తర్వాత అన్నమయ్య గొబ్బి పాటలు కట్టాడు, సువ్వి పాటలు కట్టాడు, చందమామను పిలిచాడు, ఉయ్యాల ఊపాడు. సువ్వి దంపుళ్ల పాట. రెండు రోకళ్లు ఒకే రోట్లో ఒకదానికొకటి తగలకుండా పడాలంటే దంచేవాళ్లకు ఊపిరీ లయా కలవాలి. ఆ అవసరమే ఆ పాటను పుట్టించింది. దాన్ని మండపంలో కూర్చుని ఎవరూ కొత్తగా కనిపెట్టలేరు. జోల సంగతీ అంతే. దూలానికి కట్టిన చీర ఉయ్యాల వచ్చిపోయే వేగమే దాని తాళం. త్యాగరాజు (1767–1847) ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో లాలి, ఉయ్యాల పాటలు చేరినా ఆ మూలం చెరిగిపోలేదు.

తమిళంలో పెరియాళ్వార్ ఎన్నడో కృష్ణుడికి జోల పాడాడు, వైష్ణవ దీక్ష పొందిన అన్నమయ్యకు ఒరవడి అక్కడే దొరికింది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రభావాన్ని నేను కాదనను. కానీ పెరియాళ్వార్ పాడింది యశోద గొంతుతో. తల్లి పాట అప్పటికే ఉండబట్టే ఆయనకు ఆ గొంతు దొరికింది. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది: నోటి పాటలను కాగితం మీద పెట్టింది ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దంలోనే, వాటి వయసు ఎవరు చెప్పగలరు? నిజమే, విడిగా ఏ పాటకూ తేదీ వేయలేం. గుడి లాలి తిరిగి ఇళ్లలోకి వచ్చిన మాటా వాస్తవమే. అయితే నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివాళ్లు ఎంతో శ్రమపడి జానపద గేయాలను పోగుచేశారు కనుక పోల్చి చూసే వీలు మనకుంది. స్త్రీల రామాయణ పాటల్లో రాముడు పుట్టే ముందు కౌసల్య నొప్పులు పడుతుంది, మంత్రసానికి కబురు వెళుతుంది, ఆ బాధ ఓర్వలేనని ఆమె నోరు విడిచి చెబుతుంది. వాల్మీకిలో ఇవేవీ లేవు. పై నుంచి అందినదాన్ని అప్పజెప్పేవాళ్లే అయితే ఆడవాళ్లకు ఈ ఘట్టం ఎక్కడ దొరికింది? పురిటిగదిలో నిలబడి చూసినవాళ్లు కట్టుకున్న కథ ఇది.